ఈ సెలవుల్లో అమ్మాయికి ఇవి నేర్పుదాం

చదువు, సంగీతం, డ్యాన్సు, కోచింగు... ఆడపిల్లలకు అన్నీ నేర్పిస్తున్నాం. మరి తన ఒంట్లో ఏం జరుగుతోందో తనే గమనించుకోవడం, ఆ బాధను నోరు తెరిచి చెప్పుకోవడం, చిన్న ఆపద వస్తే కంగారు పడకుండా నిలబడటం నేర్పుతున్నామా? వీటికి ఫీజు అక్కర్లేదు. రోజుకో అరగంట, కాస్త ఓపిక చాలు.

కిందటేడాది దసరా సెలవులకు కొద్ది రోజుల ముందు సంగతి. ఓపీ అయిపోవస్తుండగా ఒక అమ్మాయిని వీల్‌చెయిర్‌లో తీసుకొచ్చారు. పదిహేనేళ్లు. హాస్టల్లో ఉండి చదువుకుంటోంది. తెల్లవారుజామున స్టడీ అవర్‌కు వెళ్తూ మెట్ల మీద కళ్లు తిరిగి పడిపోయిందట. నేను ఏదైనా అడిగేలోపే తల్లి చెప్పేశారు. ‘హాస్టల్ తిండి సరిగా తినదండీ. నీరసం, అంతే. ఒక సెలైన్ పెట్టించండి చాలు’. కనురెప్ప కిందికి లాగి చూస్తే లోపల ఎరుపన్నదే లేదు. నాలుక, అరచేతులు పాలిపోయి ఉన్నాయి. పరీక్ష చేయిస్తే హిమోగ్లోబిన్ 5.2 వచ్చింది. ఆ వయసు అమ్మాయికి కనీసం 12 ఉండాలి.

మా సిస్టర్ ఆ అమ్మాయిని పక్కకు తీసుకెళ్లి నెమ్మదిగా అడిగితే అసలు విషయం బయటపడింది. ఐదారు నెలలుగా నెలసరి వస్తే పది, పన్నెండు రోజులైనా ఆగడం లేదు. రాత్రిళ్లు రెండుసార్లు లేచి ప్యాడ్ మార్చుకోవాల్సి వస్తోంది. ‘మరి ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదేమ్మా?’ అని అడిగితే, ‘అందరికీ ఇలాగే ఉంటుందనుకున్నాను సార్’ అంది. పక్కనే ఉన్న తల్లి ఏడుపు ఆపుకోలేకపోయారు. ‘క్లాసులో ఫస్టండీ మా పిల్ల. ఏ లెక్క ఇచ్చినా చేసేస్తుంది’ అన్నారు.

లెక్కలన్నీ వచ్చిన ఆ పిల్లకు, నెలసరి ఏడు రోజులు దాటితే అది లెక్క తప్పినట్టని ఎవరూ చెప్పలేదు. తప్పు ఆ పిల్లది కాదు. ఆ తల్లి ఒక్కరిదీ కాదు. మనందరిదీ. ‘మనందరిదీ’ అని మర్యాదకు అనడం లేదు. నా ఇంట్లో ఏం జరిగిందో కూడా కాసేపట్లో చెబుతాను.

తన ఒంటి లెక్క తన దగ్గర ఉండాలి

మొదట నేర్పాల్సింది క్యాలెండరు. గోడకు వేలాడే క్యాలెండరైనా, చిన్న డైరీ అయినా సరే. నెలసరి మొదలైన రోజు ఒక చుక్క, ఆగిన రోజు ఇంకో చుక్క. అంతే పని. మూడు నెలలు ఇలా రాస్తే చాలు, తనకు ఏది మామూలో అమ్మాయికే తెలుస్తుంది.

మొదటి రెండేళ్లూ నెలసరి అటూఇటూగా రావడం సహజం. 21 నుంచి 45 రోజుల మధ్య ఎప్పుడు వచ్చినా భయపడక్కర్లేదు. రెండు నుంచి ఏడు రోజుల పాటు ఉండొచ్చు. ప్యాడ్‌ను నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చుకోవాలి. బట్ట వాడేవారు సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయాలి. ఎవరైనా చూస్తారని తలుపు వెనక, చీకట్లో ఆరేసిన బట్టతో ఇన్‌ఫెక్షన్లు వస్తాయి.

ఈ కిందివి కనిపిస్తే మాత్రం ‘పెళ్లయితే అదే సర్దుకుంటుంది’ అని ఊరుకోకుండా డాక్టర్‌కు చూపించాలి.

• రక్తస్రావం ఏడు రోజులు దాటినా, గంటా రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోతున్నా
• రూపాయి బిళ్ల కంటే పెద్ద గడ్డలు పడుతున్నా
• 21 రోజుల్లోపే మళ్లీ వస్తున్నా, మూడు నెలలు దాటినా రాకపోయినా
• కడుపునొప్పితో ప్రతి నెలా బడి మానేయాల్సి వస్తున్నా
• పదిహేనేళ్లు నిండినా రజస్వల కాకపోయినా

రక్తస్రావం ఎక్కువగా ఉండటానికి చాలాసార్లు ఆ వయసులో హార్మోన్లు ఇంకా కుదురుకోకపోవడమే కారణం. కొందరిలో థైరాయిడ్ సమస్య ఉంటుంది. ఇంకొందరిలో పుట్టుకతోనే రక్తం సరిగా గడ్డకట్టని లోపం ఉండి, అది మొదటిసారి నెలసరిలోనే బయటపడుతుంది. వీటన్నింటికీ చికిత్స ఉంది. కానీ అమ్మాయి చెబితేనే కదా మాకు తెలిసేది!

ఈ విషయాలు తల్లే చెప్పాలని రూలేమీ లేదు. తండ్రులు ప్యాడ్ల ప్యాకెట్ నల్ల కవర్లో చుట్టి తేవడం మానేసి, పాల ప్యాకెట్‌లా మామూలుగా తెచ్చి ఇవ్వండి. ఇది దాచుకోవాల్సిన సంగతి కాదని అమ్మాయికి సగం అర్థమైపోతుంది.

డాక్టర్‌కు తనే చెప్పుకోవాలి

మా ఓపీలో రోజూ చూసే దృశ్యం ఇది. ‘ఏమైందమ్మా?’ అని పన్నెండేళ్ల పాపను అడుగుతాను. తల్లి జవాబిస్తారు. ‘ఎప్పట్నుంచి?’ అంటే తండ్రి జవాబిస్తారు. పాప కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంటుంది. కడుపునొప్పి తల్లిదండ్రులది కాదు కదా! ఎక్కడ నొప్పి, ఎలాంటి నొప్పి అన్నది దాన్ని అనుభవిస్తున్న పిల్లే చెప్పాలి.

పదేళ్లు దాటిన అమ్మాయితో ఇంట్లోనే సాధన చేయించండి. ఐదు ముక్కలు చెప్పడం వస్తే చాలు. బాధ ఏమిటి? ఎప్పటి నుంచి? సరిగ్గా ఎక్కడ? ఏం చేస్తే పెరుగుతోంది, ఏం చేస్తే తగ్గుతోంది? ఇప్పటిదాకా ఏ మందు వేసుకుంది? వీటితో పాటు తన బరువు, తనకు పడని మందు ఏదైనా ఉంటే దాని పేరు గుర్తుండాలి. ఆసుపత్రిలో అమ్మాయి చెప్పడం పూర్తయ్యాక మీకు తెలిసింది మీరు కలపండి. మధ్యలో అందుకోవద్దు.

ఇంకో మాట కూడా చెప్పి ఉంచండి. డాక్టర్ పరీక్ష చేసేటప్పుడు అమ్మ గానీ నర్సు గానీ పక్కన ఉండాలని అడగొచ్చు. ఎందుకు పరీక్ష చేస్తున్నారో అడగొచ్చు. ఇబ్బందిగా ఉంటే ఆగమనొచ్చు. అలా అడిగితే ఏ మంచి డాక్టరూ కోప్పడరు. అమ్మానాన్నల ముందు చెప్పలేనిది ఏదైనా ఉంటే సిస్టర్‌కు చెప్పుకునే వీలు కల్పించి, మీరు ఓ ఐదు నిమిషాలు బయట కూర్చోండి.

మందు చీటీ, మాత్రల అట్ట చదవడం

హాస్టల్‌కు పంపేటప్పుడు పెట్టెలో పచ్చళ్లతో పాటు నాలుగు రకాల మాత్రలు పెట్టి పంపుతాం. ఏది దేనికో చెప్పం. సెలవుల్లో ఒక మధ్యాహ్నం ఇంట్లో ఉన్న మందుల డబ్బా బోర్లించి, అమ్మాయినే సర్దమనండి. గడువు తేదీ దాటినవి తీసి పక్కన పెట్టమనండి. మాత్రలు తుంచేటప్పుడు గడువు తేదీ ఉన్న అంచును ఎందుకు చివరిదాకా ఉంచాలో అప్పుడు తనకే అర్థమవుతుంది.

అట్ట మీద ఉండే పేర్లలో ఒకటి కంపెనీ పెట్టుకున్న పేరు. ఇంకోటి అసలు మందు పేరు. చదవాల్సింది ఆ అసలు పేరే. జ్వరం మాత్రలో ఉండేది ప్యారాసెటమాల్. జలుబు మాత్రలు చాలావాటిలో ఉండేదీ అదే. పేర్లు వేరు కదా అని రెండూ వేసుకుంటే డోసు రెట్టింపవుతుంది. అది కాలేయానికి ప్రమాదం.

అట్ట మీద నిలువుగా ఎర్రగీత ఉంటే డాక్టర్ చీటీ లేకుండా వేసుకోకూడదని అర్థం. యాంటీబయాటిక్‌లను గుర్తుపట్టడానికి కేంద్ర ఆరోగ్య శాఖ 2016లో ఈ ఎర్రగీత గురించి ప్రచారం మొదలుపెట్టింది. రూమ్మేట్‌కు తగ్గిందని అదే మాత్ర తనూ వేసుకోవడం, రెండు రోజులు వాడి ఆపేయడం ఎంత తప్పో చెప్పడానికి ఆ గీత మంచి సాకు.

చీటీ మీద 1-0-1 అని ఉంటే ఉదయం ఒకటి, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి. ఓడీ అంటే రోజుకోసారి, బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు, ఎస్‌ఓఎస్ అంటే అవసరమైతేనే. మీ పాత చీటీ ఒకటి ఇచ్చి చదవమనండి. పిల్లలకు ఇదో పొడుపుకథలా సరదాగా ఉంటుంది.

జ్వరం చెయ్యి పెట్టి కాదు, కొలిచి చూడాలి

ఇంట్లో ఒక డిజిటల్ థర్మామీటర్ ఉండాలి. అది వాడటం అమ్మాయికి రావాలి. 100.4 డిగ్రీల ఫారన్‌హీట్, ఆపైన ఉంటే జ్వరం. తేదీ, సమయం, ఎంత ఉందో కాగితం మీద రాసుకోవాలి. ఆ కాగితం చూస్తే మాకు సగం పని తేలికవుతుంది.

ప్యారాసెటమాల్ డోసు వయసును బట్టి కాదు, బరువును బట్టి వేస్తారు. కిలోకు 10 నుంచి 15 మిల్లీగ్రాములు. 40 కిలోల అమ్మాయికి 500 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి సరిపోతుంది. మళ్లీ వేయాలంటే కనీసం నాలుగు నుంచి ఆరు గంటల ఎడం ఉండాలి. రోజుకు నాలుగు డోసులు దాటకూడదు. వానాకాలంలో డెంగీ భయం ఉంటుంది కాబట్టి జ్వరానికి ఇబుప్రొఫెన్, డైక్లోఫెనాక్, ఆస్పిరిన్ వంటి నొప్పి మాత్రలు సొంతంగా వేసుకోకూడదు. జ్వరం రెండు మూడు రోజులకు తగ్గకపోయినా, వాంతులు ఆగకపోయినా, కడుపులో తీవ్రమైన నొప్పి వచ్చినా, మూత్రం తగ్గిపోయినా ఆసుపత్రికి వెళ్లాలి.

ఓఆర్‌ఎస్ కలపడం వచ్చా?

విరేచనాలైనా, ఎండకు సోలిపోయినా మొదట ఇచ్చేది ఓఆర్‌ఎస్. ఇది తేలికనుకుంటాం. కానీ పెద్దవాళ్లే తప్పు చేస్తుంటారు. పెద్ద ప్యాకెట్‌ను గ్లాసు నీళ్లలో కలిపేస్తారు. లేదా సగం ఇప్పుడు, సగం రేపు అని దాస్తారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఫార్ములా ప్రకారం తయారైన 20.5 గ్రాముల ప్యాకెట్ మొత్తాన్ని లీటరు నీళ్లలో ఒకేసారి కలపాలి. ఆ నీళ్లు 24 గంటల్లో వాడేయాలి. మిగిలితే పారబోయాలి. ప్యాకెట్ దొరకనప్పుడు లీటరు నీళ్లలో తలగొట్టిన ఆరు టీస్పూన్ల పంచదార, అర టీస్పూన్ ఉప్పు కలుపుకోవచ్చు. ఉప్పు ఎక్కువైతే ప్రమాదం. రుచి చూస్తే కన్నీళ్ల కంటే ఉప్పగా ఉండకూడదు.

అట్టడబ్బాల్లో దొరికే తియ్యటి పానీయాలన్నీ ఓఆర్‌ఎస్ కావు. వాటిలో చక్కెర ఎక్కువైతే విరేచనాలు పెరుగుతాయి. ఈ విషయంపై హైదరాబాద్‌కు చెందిన పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడారు. సరైన ఫార్ములా లేని పానీయాల మీద ఓఆర్‌ఎస్ అనే మాట వాడకూడదని ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2025 అక్టోబరులో ఆదేశించింది. ఈసారి మందుల షాపుకు వెళ్లినప్పుడు అమ్మాయినే లేబుల్ చదివి ఎంచుకోమనండి.

వంటగదిలో నా సొంత పాఠం

ఇప్పుడు నా సంగతి. మా అమ్మాయికి పన్నెండేళ్లప్పుడు ఒక ఆదివారం అప్పడాలు వేయించబోయింది. నూనె చింది ముంజేతి మీద పడింది. వాళ్లమ్మ ఊళ్లో లేరు. నేను డ్యూటీలో ఉన్నాను. మూడుసార్లు ఫోన్ చేసిందట. వార్డులో ఉండి చూసుకోలేదు. సాయంత్రం ఇంటికొచ్చేసరికి చేతికి తెల్లగా టూత్‌పేస్టు పూసుకుని కూర్చుంది. ‘కాలితే పేస్టు రాయాలని ఫ్రెండ్ చెప్పింది నాన్నా’ అంది. అదే పేస్టును రోజూ ఎంతమంది ఒంటి మీంచి కడిగి ఉంటానో! కాలిన చోట ఏం చేయాలో ఊరందరికీ చెప్పే నేను నా కూతురికి చెప్పలేదు. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. చూసినప్పుడల్లా నాకు గుర్తొచ్చేది నూనె కాదు, నేను చూసుకోని ఆ మూడు ఫోన్ కాల్స్.

కాబట్టి స్టవ్ వెలిగించడం నేర్పే రోజే ఇవి కూడా నేర్పండి.

కాలితే: కుళాయి కింద చల్లటి నీటి ధారలో 20 నిమిషాలు ఉంచాలి. వాపు రాకముందే గాజులు, ఉంగరాలు తీసేయాలి. ఐసు, పేస్టు, సిరా, పసుపు, పిండి ఏదీ వద్దు. బొబ్బలు చిదమకూడదు. శుభ్రమైన బట్ట వదులుగా కప్పి ఆసుపత్రికి వెళ్లాలి.

బట్టలకు నిప్పంటుకుంటే: పరిగెత్తకూడదు. గాలికి మంట పెరుగుతుంది. వెంటనే నేల మీద పడుకుని దొర్లాలి. పక్కనున్నవారు నీళ్లు పోయాలి, లేదా మందపాటి నూలు దుప్పటి కప్పాలి. అసలు స్టవ్ దగ్గరికి వెళ్లేటప్పుడు చున్నీ తీసి పక్కన పెట్టడం, జుట్టు ముడేసుకోవడం అలవాటు కావాలి.

గ్యాస్ వాసన వస్తే: లైటు, ఫ్యాను స్విచ్ వేయకూడదు, ఆపకూడదు. రెగ్యులేటర్ కట్టేసి, తలుపులు, కిటికీలు తెరిచి బయటికి రావాలి. గ్యాస్ లీకేజీ ఫిర్యాదు నంబరు 1906.

పళ్లెంలో ఏముందో తెలియాలి

జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం మన దేశంలో 15-19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. ఇది పేదిళ్లకే పరిమితం కాదు. ఫ్రిజ్ నిండా పండ్లున్న ఇళ్ల నుంచీ పాలిపోయిన పిల్లలు మా దగ్గరికి వస్తున్నారు.

బీట్‌రూట్, దానిమ్మ ఎర్రగా ఉంటాయి కాబట్టి తింటే రక్తం పడుతుందనుకుంటాం. రంగుకూ ఐరన్‌కూ సంబంధం లేదు. అవి మంచి ఆహారమే గానీ వాటిలో ఐరన్ తక్కువ. తోటకూర, శనగలు, ఉలవలు, సజ్జలు, నువ్వులు, తినేవారైతే మాంసం, కాలేయం... వీటి మీద దృష్టి పెట్టాలి. ఆకుకూర పప్పు మీద నిమ్మకాయ పిండుకుంటే, భోజనంలో ఉసిరి పచ్చడి ఉంటే ఐరన్ బాగా ఒంటబడుతుంది. తిన్న వెంటనే టీ, కాఫీ తాగితే ఒంటబట్టదు. గంట ఆగాలి.

అమ్మాయి పెద్దమనిషైతే నువ్వులు, బెల్లం దంచి చిమ్మిలి పెట్టడం మన ఇళ్లలో ఉన్న అలవాటు. ఫంక్షన్ అయిపోగానే దాన్ని మర్చిపోతాం. నిజానికి అక్కర ఆ తర్వాతే మొదలవుతుంది. ఈ సెలవుల్లో చిమ్మిలి చేయడం అమ్మాయికే నేర్పండి. దాంతో పాటు అన్నం వార్చడం, పప్పు, గుడ్డు కూర వస్తే హాస్టల్‌కైనా, రేపు ఏ దేశం వెళ్లినా ఆకలికి నూడుల్స్ మీద ఆధారపడదు.

10-19 ఏళ్ల వారికి వారానికో ఐరన్ మాత్ర (నీలం రంగులో ఉంటుంది) ప్రభుత్వ బడుల్లో, అంగన్‌వాడీల్లో ఇస్తారు. ప్రైవేటు బడుల్లో చాలా చోట్ల ఇది అందదు. కాబట్టి ఏడాదికోసారి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించి, డాక్టర్ సలహాతో మాత్రలు, నులిపురుగుల మందు వాడాలి. ఐరన్ మాత్రతో మలం నల్లగా వస్తుంది. అది మామూలే. ఈ ఒక్క మాట ముందే చెప్పకపోవడంతో భయపడి మానేసేవాళ్లు చాలామంది.

అమ్మమ్మతో ఇంట్లో ఉన్నప్పుడు

అమ్మానాన్నలిద్దరూ ఉద్యోగాలకు వెళ్లే ఇళ్లలో సెలవుల్లో ఉండేది పిల్లలు, పెద్దవాళ్లు. ఆపద వస్తే ముందుగా చూసేది పిల్లలే.

మాట ముద్దగా వస్తున్నా, మూతి ఒక పక్కకు వంకరపోయినా, ఒక చెయ్యి ఎత్తలేకపోతున్నా అది పక్షవాతం కావచ్చు. రక్తనాళంలో అడ్డుపడిన గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల్లోపే పనిచేస్తుంది. అమ్మ వచ్చేదాకా ఆగకూడదు.

షుగర్ ఉన్న తాతయ్యకు ఒక్కసారిగా చెమటలు పట్టి, వణికి, పొంతన లేకుండా మాట్లాడుతుంటే చక్కెర పడిపోయి ఉండొచ్చు. తెలివిలో ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. తెలివి లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు.

ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు, ఇనుప ముక్క పెట్టడం, నోట్లో గుడ్డ కుక్కడం వద్దు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, చుట్టూ తగిలే వస్తువులు తీసేయాలి. ఐదు నిమిషాలకు ఆగకపోతే 108కి ఫోన్ చేయాలి.

ఫోన్ చేయడం కూడా నేర్పాల్సిందే. ఒకసారి మీరే 108 సిబ్బందిగా నటించి ప్రశ్నలు అడగండి. ఇంటి చిరునామా, దగ్గర్లో గుర్తుపట్టే గుడో, బడో తడుముకోకుండా చెప్పగలగాలి. మొదటిసారి తొమ్మిది మంది నవ్వినా పదోసారికి ఒకరి ప్రాణం నిలుస్తుంది.

ఆటలు, అలవాట్లు

పిల్లలు రోజుకు కనీసం గంటసేపు ఒళ్లు కదిలించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆడపిల్లల ఎముకల బలంలో చాలా భాగం పద్దెనిమిదేళ్లలోపే కూడుతుంది. తాడాట, తొక్కుడుబిళ్ల, ఖోఖో... గెంతే ఏ ఆటైనా ఎముకలకు మేలే. మన అమ్మమ్మలు ఆడిన ఆటలకు మైదానం కూడా అక్కర్లేదు, అపార్ట్‌మెంట్ సెల్లారు చాలు.

‘పెద్దమనిషైంది, ఇక సైకిల్ తొక్కనివ్వొచ్చా?’ అని ఇప్పటికీ అడుగుతారు. తప్పకుండా తొక్కనివ్వండి. సైకిల్ వల్ల గర్భసంచికి గానీ, రేపటి సంసారానికి గానీ ఏ నష్టమూ ఉండదు. నెలసరి రోజుల్లో కూడా ఓపిక ఉంటే ఆడుకోవచ్చు. కొందరికి నొప్పి తగ్గుతుంది కూడా. ఈత కూడా నేర్పించండి. అయితే చెరువులు, కాలువల్లో సొంతంగా కాదు, నేర్పేవారి దగ్గరే.

చేతులకు పని ఉండే వ్యాపకం ఒకటి కావాలి. కుండీలో మెంతులు చల్లితే మూడు నాలుగు వారాల్లో కూర చేతికొస్తుంది. సెలవులు అయ్యేలోపే ఫలితం కనిపిస్తుంది కాబట్టి పిల్లలకు ఉత్సాహంగా ఉంటుంది. గుండీ, హుక్కు కుట్టుకోవడం, చిరుగు వేసుకోవడం నేర్పండి. రాత్రి పడుకునే ముందు రోజు గురించి నాలుగు మాటలు రాసుకోమనండి. ఆ డైరీ మీరు చదవొద్దు. పదమూడేళ్లు దాటిన వారికి 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. ఫోన్ మాత్రం హాల్లోనే చార్జింగ్ పెట్టాలి, మీది కూడా.

రెండు వారాలుగా ముభావంగా ఉన్నా, తిండీ నిద్రా తగ్గినా, ‘నేనెందుకు బతకాలి’ లాంటి మాట ఒక్కసారి అన్నా దాన్ని పొగరనో, నాటకమనో కొట్టిపారేయొద్దు. పక్కన కూర్చుని వినండి. టెలీ మానస్ 14416కు తెలుగులోనే ఫోన్ చేసి మాట్లాడొచ్చు. ఏ వేళైనా పలుకుతారు.

ఎప్పుడు ఏది నేర్పాలి?

8-10 ఏళ్లు: ఇంటి చిరునామా, ఫోన్ నంబర్లు, చేతులు కడుక్కోవడం, ఓఆర్‌ఎస్ కలపడం, ఎవరైనా ఇబ్బందిగా తాకితే వెంటనే ఇంట్లో చెప్పడం. నెలసరి గురించి మొదటి మాట కూడా ఈ వయసులోనే, అది రాకముందే చెప్పాలి.

11-13 ఏళ్లు: నెలసరి క్యాలెండర్, థర్మామీటర్, కాలినప్పుడు చేయాల్సిన పనులు, స్టవ్ వాడకం, డాక్టర్‌తో మాట్లాడటం.

14-16 ఏళ్లు: మందుల అట్ట, చీటీ చదవడం, నాలుగు వంటలు, పక్షవాతం, ఫిట్స్ గుర్తుపట్టడం, ఒంటరిగా బస్సెక్కి వెళ్లి ఆసుపత్రిలో ఓపీ చీటీ తీసుకోవడం.

అన్నట్టు, ఇవన్నీ అబ్బాయికి కూడా నేర్పండి. చెల్లెలు కళ్లు తిరిగి పడితే పడుకోబెట్టి కాళ్లు ఎత్తిపెట్టాల్సింది వాడే కావచ్చు.

ఫ్రిజ్ మీద అతికించుకోండి

అంబులెన్స్ 108 • ఏ అత్యవసరానికైనా 112 • పిల్లల సహాయానికి 1098 • మహిళల సహాయానికి 181 • మనసు బాగోలేకపోతే 14416 • సైబర్ మోసాలు, వేధింపులకు 1930 • గ్యాస్ లీకేజీ 1906

మొదట చెప్పిన ఆ అమ్మాయికి రక్తం ఎక్కించాం. గైనకాలజిస్ట్ మందులు ఇచ్చి రక్తస్రావం అదుపులోకి తెచ్చారు. తర్వాత నెలల తరబడి ఐరన్ మాత్రలు. సంక్రాంతి వెళ్లాక రివ్యూకు వచ్చారు. హిమోగ్లోబిన్ 11 దాటింది. ‘ఎలా ఉందమ్మా ఇప్పుడు?’ అని అడిగాను. అలవాటు ప్రకారం తల్లి అందుకోబోయారు. ‘అమ్మా, నేను చెప్తాను’ అంటూ ఆ పిల్ల బ్యాగులోంచి చిన్న పాకెట్ క్యాలెండర్ తీసి నా బల్ల మీద పెట్టింది. మూడు నెలలకూ పెన్నుతో చుక్కలు పెట్టి ఉన్నాయి. ‘ఆరు రోజులు, ఆరు రోజులు, ఐదు రోజులు సార్’ అంది. ‘మా రూములో ఇంకో ఇద్దరితో కూడా రాయిస్తున్నాను. ఒకమ్మాయికి తొమ్మిది రోజులు వస్తోంది. తీసుకురమ్మంటారా?’

తీసుకురమ్మన్నాను.